నల్లకోటుకు ముందు, నల్లకోటు తర్వాత: లా చదివే ఆడపిల్లల స్కాలర్‌షిప్‌ల చిక్కుముడి

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో నెట్ సెంటర్ల ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. మొన్న అలాంటి ఒకచోట జిరాక్స్ కోసం నిలబడి ఉన్నాను. పక్కనే ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. తల్లి ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో మార్కుల షీట్లు, ఒడియాలో రాసిన రెసిడెన్స్ సర్టిఫికెట్, పాతపట్నం బడి ఇచ్చిన తెలుగు టీసీ ఉన్నాయి. అమ్మాయి లా మొదటి సంవత్సరం. స్క్రీన్ మీద ఇంగ్లీషు ప్రకటన ఒకటి కనిపిస్తోంది: ప్రజాసేవకు కట్టుబడిన మహిళా న్యాయ విద్యార్థులకు స్కాలర్‌షిప్. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట.

"ఏటి బాబూ, ఇది మా గుంటకి వస్తాదా, రాదా?" అని తల్లి అడిగింది. ఆపరేటర్ కుర్రాడు కిందికీ పైకీ జరిపి చూసి, "ఇది అమెరికాదిలాగుంది పిన్నీ" అన్నాడు. అమ్మాయి ఫోన్ తీసి ఇంకో లింకు చూపించింది. అది మన దేశానిదే, కానీ అందులో 'మీ స్వరాష్ట్రం' అన్న గడి దగ్గర ఆగిపోయారు. బడి ఆంధ్రాలో, ఇల్లు ఒడిశాలో, కాలేజీ విశాఖలో. గడి మాత్రం ఒక్కటే.

ఆ తల్లి ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. అది ఎవరి డబ్బు, ప్రజాసేవ అంటే వాళ్ల లెక్కలో ఏమిటి, అమ్మాయి కాగితాల మీద ఏ రాష్ట్రం మనిషి, ఆ డబ్బు ఏ ఏళ్లకు పనికొస్తుంది అని ఒక్కో పోగూ విడదీయాలి. చాలామంది మొదటి పోగు దగ్గరే ఆగిపోతారు. అసలు ముడి చివరి పోగులో ఉంది.

ఒకే మాట, నాలుగు రకాల డబ్బు

మన ఇళ్లలో చదువుకు వచ్చే డబ్బు ఏదైనా స్కాలర్‌షిప్పే. ఇచ్చేవాళ్ల భాషలో మాత్రం తేడాలున్నాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే కాలేజీకి కట్టాల్సిన ఫీజును ప్రభుత్వం భరించడం. కులం, ఆదాయం, నివాసం చూసి ఇస్తారు. నువ్వు చదివి ఏం చేస్తావని ఎవరూ అడగరు. మెరిట్ స్కాలర్‌షిప్‌లో మార్కులు చూస్తారు. ఫెలోషిప్ ఎక్కువగా చదువు అయ్యాక వస్తుంది: ఒక సంస్థలో ఏడాదో రెండేళ్లో పనిచెయ్, నెలకు ఇంత ఇస్తాం అంటారు. స్టైపెండ్ అంటే కొత్తగా కోర్టుకొచ్చిన జూనియర్ బతకడానికి నెలనెలా చేతికిచ్చేది.

మన నెట్ సెంటర్‌లో కనిపించిన ప్రకటన ఈ నాలుగింటిలోకీ సరిగ్గా ఒదగదు. అది గుర్తింపు తరహా స్కాలర్‌షిప్. ఇప్పటికే కొంత సేవ చేసిన, ఇకముందూ చేస్తానంటున్న విద్యార్థినిని ఎంచి, 'నీ దారి మాకు నచ్చింది' అని చెప్పే డబ్బు. ఇందులో మొత్తం చిన్నదైనా పేరుకు విలువ ఉంటుంది. రెజ్యూమెలో ఒక గీత, కొందరు సీనియర్ మహిళా లాయర్ల పరిచయం దొరుకుతాయి. అందుకే దరఖాస్తులో ఆదాయ పత్రం కంటే వ్యాసం బరువుగా ఉంటుంది. రీయింబర్స్‌మెంట్‌కు అలవాటుపడ్డ మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. కాగితాలన్నీ సక్రమంగా ఉంటే డబ్బు వస్తుందనుకుంటారు. ఇక్కడ కాగితాలు గుమ్మం దాటిస్తాయి, అంతే.

'ప్రజాసేవ' అంటే ఎవరి అర్థంలో?

తెలుగులో ఈ మాటను రాజకీయ నాయకులు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. "ప్రజాసేవకే జీవితం అంకితం" అని ఫ్లెక్సీ కనిపిస్తే ఎన్నికలు దగ్గరపడ్డాయని అర్థం. 'పబ్లిక్ సర్వీస్' అంటే మరోవైపు గ్రూప్-1, గ్రూప్-2 గుర్తొస్తాయి. సర్వీస్ కమిషన్ ఉద్యోగం అన్నమాట. స్కాలర్‌షిప్ వాళ్లు అడిగేది ఈ రెండూ కాదు. ఫీజు ఇచ్చుకోలేని మనుషుల తరఫున, లేదా ఒక్కరికి కాక ఒక సమూహానికే సంబంధించిన హక్కు కోసం చట్టాన్ని వాడటం అని వాళ్ల ఉద్దేశం. ఉచిత న్యాయ సహాయం, గృహహింస కేసులు, విచారణ ఖైదీల బెయిళ్లు, అడవి హక్కులు, వలస కూలీల జీతాలు, సమాచార హక్కు దరఖాస్తులు, అన్నీ ఇందులోకి వస్తాయి. కొందరు ప్రాసిక్యూటర్, జడ్జి ఉద్యోగాలనూ కలుపుతారు, కొందరు కలపరు. ప్రకటనలో చూసుకోవాల్సిన మొదటి తేడా ఇది.

ఈ దారికి మన ప్రాంతం కొత్తేమీ కాదు. 1894లో బరంపురంలో ఒక తెలుగు లాయరు ఇంట్లో పుట్టిన వి.వి. గిరి డబ్లిన్‌లో లా చదివారు. తిరిగొచ్చి నల్లకోటు వేసుకున్నా, రైల్వే కార్మికుల సంఘాల వైపు మళ్లారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు కాబట్టి అదే గుర్తుంటుంది మనకు. ప్రజాసేవ అన్న గడిలో రాయదగింది మాత్రం మధ్యలో ఉన్న ఆ కార్మికుల భాగమే.

ఇప్పటి సరిహద్దులో ఆ సేవ ఎలా ఉంటుందో చూడాలంటే భూమి కేసులు చాలు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారకూడదు. ఆంధ్రా వైపు ఈ చట్టాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు, అంటే 1970 నాటి రెగ్యులేషన్ 1. ఒడిశా వైపు అదే పని చేసేది 1956 నాటి రెగ్యులేషన్ 2. కొండకు అటు ఒక నంబరు, ఇటు ఒక నంబరు. ఒకే సవర గిరిజన కుటుంబానికి రెండు వైపులా చుట్టాలూ పొలాలూ ఉంటే లాయరుకు రెండూ తెలియాలి. మూడు భాషలూ రావాలి. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో పరుచుకున్న నియమగిరి కొండల్లో గనుల తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే, పన్నెండు గ్రామసభలు గనులు వద్దన్నాయి. అక్కడ చట్టం కొండ మీద, చెట్టు కింద, గిరిజనుల కువి భాషలో నడిచింది. మహారాష్ట్ర సరిహద్దున గడ్చిరోలి జిల్లాలోని మేంఢా-లేఖా గ్రామానికి 2009లోనే అడవి మీద సామూహిక హక్కు పత్రం అందింది. ఇలాంటి కాగితం తయారవడానికి ఎవరో ఒకరు చట్టం చదివి, ఊళ్లో కూర్చుని, ఓపిగ్గా వివరించి ఉండాలి. స్కాలర్‌షిప్ వాళ్లు వెతికేది ఆ మనిషినే.

ఒక చిన్న చిక్కుంది. మన అమ్మాయిలు చేసే సేవ వాళ్లకే సేవలా కనిపించదు. నెట్ సెంటర్ అమ్మాయిని వ్యాసంలో ఏం రాస్తావని అడిగితే "నేనేం చేశానండీ" అంది. కాసేపు మాట్లాడాక తెలిసింది: వాళ్ల వీధిలో ముగ్గురు ముసలమ్మల పింఛను అర్జీలు తనే రాసింది. ఒడియా రాని పెద్దమ్మ భరణం కేసుకు ఆరు వాయిదాలు తోడుగా వెళ్లి, గుమాస్తా చెప్పింది తెలుగులో చెప్పి, తర్వాతి తేదీ క్యాలెండర్ మీద చుట్టి పెట్టింది. ఎన్జీవో సర్టిఫికెట్ లేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదనుకుంది. తేదీలతో సహా రాయగల ఇలాంటి పనికి వ్యాసంలో ఎంతో బలం ఉంటుంది.

ఆడవాళ్లకే ఎందుకు విడిగా?

వంద దాటి కొన్నేళ్ల కిందట ఈ దేశంలో ఆడవాళ్లు లాయర్లు కావడానికే వీల్లేదు. మన కథలో ఒడిశా భాగం బాగా దగ్గరగా ఉంది. లా చదివిన సుధాంశుబాల హజ్రా ప్లీడరుగా నమోదు చేసుకోమని 1921లో పాట్నా హైకోర్టును అడిగింది. అప్పట్లో ఒడిశా ఆ హైకోర్టు కిందే ఉండేది. ఆమె వెనక ఉత్కళ గౌరవ మధుసూదన్ దాస్ ఉన్నారు. ఒడిశాలో లాయర్స్ డే ఏప్రిల్ 28న జరిగేది ఆయన పుట్టినరోజనే. చట్టంలో ఉన్న మాటల అర్థంలోకి ఆడవాళ్లు రారంటూ కోర్టు కాదంది. 1923లో చట్టమే మార్చాల్సి వచ్చింది. అంతకుముందే ఆక్స్‌ఫర్డ్‌లో 1892లో లా పరీక్ష రాసిన భారతీయురాలు కార్నీలియా సొరాబ్జీకి ఆ విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది 1922లో. ముప్ఫై ఏళ్లు.

అమెరికాలో ఇంకా విచిత్రం. న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రజాసేవ చేసే లాయర్ల కోసమని 1950ల మొదట్లో పెట్టిన రూట్-టిల్డెన్ స్కాలర్‌షిప్ చాలా పేరున్నది. మొదట్లో అది మగవాళ్లకే. అక్కడి విద్యార్థినులు పోరాడాక 1969లో తలుపు తెరిచారు. అంటే 'ప్రజాసేవకు స్కాలర్‌షిప్' అన్న ఆలోచనే ఆడవాళ్లను బయట నిలబెట్టి మొదలైంది. ఈరోజు ఆడవాళ్లకే అని వస్తున్న ప్రకటనలను ఆ వెనక కథతో కలిపి చదవాలి.

ఇప్పుడు తలుపులు మూసి లేవుగా అంటే, 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ చెప్పిన లెక్క చూడండి: దేశంలోని 17 లక్షల మంది లాయర్లలో ఆడవాళ్లు 15 శాతమే. లాయర్లను నమోదు చేసే రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైనవాళ్లలో 2 శాతం. క్లాసులో కనిపించే అమ్మాయిలు కోర్టు వరండాకు వచ్చేసరికి పలచబడిపోతున్నారు.

ఆడవాళ్లకు విడిగా ఇవ్వడం వివక్ష కాదా అన్న ప్రశ్నకు మన రాజ్యాంగంలో సూటి జవాబుంది. 15వ అధికరణంలోని మూడో భాగం స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చంటుంది. అమెరికాలో ఆ వెసులుబాటు అంత తేలిక కాదు. అక్కడ 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తుంది. అందుకని అక్కడి మహిళల స్కాలర్‌షిప్‌లను ఎక్కువగా మహిళా న్యాయవాదుల సంఘాలు, ఫౌండేషన్లు ఇస్తాయి. అవి సాధారణంగా అమెరికా లా కాలేజీల్లో చదివేవాళ్లకే. నెట్ సెంటర్ కుర్రాడి అనుమానం సబబే: అలాంటి ప్రకటనలో ముందు చూడాల్సింది ఏ దేశపు కాలేజీ అన్నది. ఆ ఒక్క లైను చదివితే సగం దరఖాస్తుల వృథా శ్రమ తప్పుతుంది.

మన దగ్గర డబ్బు ఎక్కడుంది

ప్రజాసేవ అన్న మాట పేరులో లేకపోయినా లా చదివే అమ్మాయికి పనికొచ్చేవి కొన్నున్నాయి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పోస్ట్-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి చోట సీటొస్తే కేంద్రం ఇచ్చే 'టాప్ క్లాస్' స్కాలర్‌షిప్ పథకాలున్నాయి. వాటికి ఆదాయ పరిమితి ఎస్సీలకు 8 లక్షలు, ఎస్టీలకు 6 లక్షలు. మహారాష్ట్ర 2024-25 నుంచి 8 లక్షల లోపు ఆదాయమున్న ఈడబ్ల్యూఎస్, ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గాలు), ఓబీసీ కుటుంబాల ఆడపిల్లలకు వృత్తివిద్యా కోర్సుల్లో ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు పూర్తిగా తీసేసింది.

ప్రభుత్వం బయట, న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టిన ఐడియా సంస్థ పేద పిల్లల్ని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌కు తయారుచేసి, సీటొచ్చాక చదువుకూ తోడుంటుంది. ఆ పరీక్ష దరఖాస్తుకే జనరల్ వాళ్లకు 4,000 రూపాయలు కట్టాలి. మన వైపు చాలా ఇళ్లలో కథ అక్కడే ఆగిపోతుంది. పైచదువుకు ఆక్స్‌ఫర్డ్ సోమర్‌విల్ కాలేజీలో కార్నీలియా సొరాబ్జీ పేరుతోనే భారతీయ లా విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఉంది. ఒకప్పుడు పట్టా ఇవ్వని చోటే ఇప్పుడు ఆమె పేరు పెట్టుకున్నారు.

నీది ఏ రాష్ట్రం?

ఇక ఆ గడి దగ్గరికి వద్దాం. ఒడిశాలో బరంపురం నుంచి మల్కనగిరి దాకా, అటు మహారాష్ట్రలో సిరొంచ నుంచి దెగ్లూరు దాకా తెలుగువాళ్లను ఎక్కువ ఏడిపించేది ఇదే.

ప్రభుత్వ స్కాలర్‌షిప్ చదివే చోటును బట్టి రాదు, సొంత రాష్ట్రాన్ని బట్టి వస్తుంది. పోస్ట్-మెట్రిక్ నియమం స్పష్టం: విద్యార్థి ఎక్కడ చదివినా, డబ్బు ఇవ్వాల్సింది ఆమె ఏ రాష్ట్రానికి చెందినదో ఆ రాష్ట్రం. కాబట్టి పర్లాకిమిడి నివాసి విశాఖలో చదివినా ఒడిశా పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆమెకు లేదు. పక్క బెంచీలో కూర్చున్న పాతపట్నం అమ్మాయికి ఉంది. రెండిళ్ల మధ్య దూరం సైకిల్ మీద పోయేంతే.

కులం దగ్గరికొస్తే ముడి ఇంకా బిగుసుకుంటుంది. షెడ్యూల్డు జాబితాలు రాష్ట్రానికో రకం. తెలంగాణ, ఆంధ్రాల్లో లంబాడీలు ఎస్టీలు. పెన్‌గంగ నది దాటి మహారాష్ట్రలోకి వెళ్తే అదే బంజారాలు విముక్త జాతుల కింద ఉంటారు, ఎస్టీ కాదు. పద్మశాలీలు తెలంగాణలో బీసీ-బి. మహారాష్ట్రలో ప్రత్యేక వెనకబడిన వర్గం. 'బీసీ-ఏ, బీసీ-డి' అన్న అక్షరాలే ఒడిశా తహసీల్ ఆఫీసులో చెల్లవు. అక్కడి పేరు ఎస్‌ఈబీసీ, జాబితా వేరు.

సర్టిఫికెట్ పట్టుకుని సరిహద్దు దాటితే ఏమవుతుందన్నది 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు తెలుగు కుటుంబానిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావుది ఆంధ్రాలో ఎస్టీ జాబితాలో ఉన్న వర్గం. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే మహారాష్ట్ర వెళ్లాడు. ముంబైలోని సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా సీటు అడిగితే కుదరదన్నారు. సుప్రీంకోర్టూ అదే చెప్పింది: ఒక వర్గం ఎస్సీ, ఎస్టీ అనేది ఫలానా రాష్ట్రానికి సంబంధించి ఇచ్చిన గుర్తింపు, అది మనిషి వెంట ఇంకో రాష్ట్రానికి రాదు. ఇప్పటికీ అదే దారి.

ఇందులో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఒక ప్రాంతంలో ఒక వర్గం పడ్డ కష్టం ఇంకో ప్రాంతంలో అదే తీరున ఉండకపోవచ్చు. బయటినుంచి వచ్చినవాళ్లు స్థానిక గిరిజనుల సీట్లు తీసుకోకూడదన్నది బలమైన వాదన. గడ్చిరోలి గోండులు, మాడియాలు ఆ మాట అంటే కాదనలేం. అయితే సరిహద్దు జిల్లాలో మనిషి కదలకపోయినా గీత కదిలింది. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లింది, ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి. కోరాపుట్, సాలూరు మధ్య కోటియా గ్రామాల్లోనైతే రెండు రాష్ట్రాలూ ఊళ్లు మావంటే మావని కోర్టుకెక్కాయి. అక్కడ కొన్నిళ్లలో రెండు ప్రభుత్వాల కార్డులూ ఉంటాయి. గడిలో మాత్రం ఒక్కదాన్నే టిక్ చేయాలి, రెండుచోట్లా లబ్ధి తీసుకుంటే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది.

ప్రైవేటు, గుర్తింపు తరహా స్కాలర్‌షిప్‌ల అసలు సౌకర్యం ఇక్కడే. చాలావాటికి రాష్ట్రం పట్టదు. ఎక్కడ చదువుతున్నావు, ఏం చేశావు అని అడుగుతాయి. సరిహద్దు అమ్మాయికి అవి డబ్బుకంటే ఎక్కువగా ఈ కారణంతో పనికొస్తాయి.

ఇంకో చిన్న విషయం, చెప్పకపోతే తర్వాత తిడతారు. తెలుగు పేరులో ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. ఒడిశా పోర్టల్‌లో ఇంటిపేరు చివర, పూర్తిగా. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, మార్కుల షీటులో ఒకటి ఉంటే మంజూరైన డబ్బు కూడా తిరిగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం

ఊహించిన లెక్కే, అంకెలు కాస్త అటూఇటూ మార్చుకోండి. పర్లాకిమిడి అమ్మాయి విశాఖలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఫీజు ఏడాదికి 25,000. గది, తిండి నెలకు 5,500 చొప్పున పది నెలలకు 55,000. పుస్తకాలు, రైళ్లు, బస్సులు 10,000. మొత్తం 90,000, మూడేళ్లకు 2,70,000. ప్రజాసేవ స్కాలర్‌షిప్ 40,000 వచ్చిందనుకుందాం. ఏటా వస్తే ఖర్చులో దాదాపు సగానికి దగ్గర. ఒక్కసారికే అయితే మొత్తంలో 15 శాతం. ప్రకటనలో 'ఏటా' అన్న మాట ఉందో లేదో చూడమనేది అందుకే.

ఇప్పుడు పట్టా వచ్చాక. ఒడిశా బార్ కౌన్సిల్‌లో నమోదుకు గతంలో 42,100 రూపాయలు అయ్యేది. చట్టంలో రాసి ఉన్నది 750, ఎస్సీ ఎస్టీలకు 125. 2024 జులై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయొద్దని అన్ని రాష్ట్ర బార్ కౌన్సిళ్లకూ తేల్చి చెప్పింది. తేడా 41,350. మన అమ్మాయికి వచ్చిన స్కాలర్‌షిప్ కంటే ఆ ఒక్క తీర్పు మిగిల్చింది ఎక్కువ. ఏ వేదికా ఎక్కకుండా, వ్యాసం రాయకుండా.

నమోదు విషయంలో సరిహద్దువాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. స్కాలర్‌షిప్‌లా ఇక్కడ స్వరాష్ట్రం అడ్డురాదు. ఎక్కడ ప్రాక్టీసు చేయాలనుకుంటే ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో చేరొచ్చు. చేరాక దేశంలో ఏ కోర్టులోనైనా వాదించొచ్చు. జడ్జి పరీక్షకు మాత్రం ఆ రాష్ట్ర భాష కావాలి. తెలుగు మీడియంలో చదివిన పర్లాకిమిడి అమ్మాయికి ఒడియా మాట్లాడటం వస్తుంది, రాయడం రాదు. అది ముందే చూసుకోవాల్సిన పని.

నల్లకోటు తర్వాత మూడేళ్లు

నా అభిప్రాయంలో మొత్తం వ్యవహారంలో అసలు ముడి ఇదే. స్కాలర్‌షిప్ చదువుకునే ఏళ్లకు వస్తుంది. అది అడిగే ప్రజాసేవ చదువు అయ్యాక మొదలవుతుంది. మధ్యలో ఉన్నది జూనియర్ కాలం.

సీనియర్ దగ్గర చేరిన జూనియర్‌కు నెలకు ఇంత అని ఏ చట్టమూ చెప్పదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సూచించింది. ఇది సలహా మాత్రమే. మళ్లీ లెక్క: గది, తిండి నెలకు 6,000 అయితే 36 నెలలకు 2,16,000. సీనియర్ 3,000 చేతిలో పెడితే మూడేళ్లకు 1,08,000. సరిగ్గా సగం ఇంటినుంచి రావాలి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లు ఆ సగం ఎన్నాళ్లు పంపుతుంది? సూచించిన 15,000 వస్తే మాత్రం అదే మూడేళ్లకు 5,40,000.

2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని తీర్పిచ్చింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో అమ్మాయిలు పట్టా చేతికొచ్చీ రాగానే కోచింగ్‌కు వెళ్లి జడ్జి పరీక్ష రాసేవాళ్లు. జీతం, గౌరవం, భద్రత ఉన్న దారి కాబట్టి ఇంట్లోవాళ్లూ ఒప్పుకునేవాళ్లు. తీర్పును సమర్థించేవాళ్లు కోర్టు గది చూడని మనిషి జడ్జి సీట్లో కూర్చుంటే కక్షిదారులే నష్టపోతారంటారు. అందులో నిజముంది. ఆ మూడేళ్లను ఎవరు పోషిస్తారు, మగ సీనియర్ల ఆఫీసుల్లో సాయంత్రం ఎనిమిదింటి దాకా కూర్చోవాల్సిన ఆడపిల్ల సంగతేంటి అన్నది ఎదుటివాళ్ల ప్రశ్న. అందులోనూ నిజముంది.

జూనియర్ కాలానికి డబ్బిచ్చే ప్రయత్నాలు లేకపోలేదు. ఆంధ్రా ప్రభుత్వం 2019లో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఒడిశా వైపు నమోదైన తెలుగమ్మాయికి అది అందేది కాదు. అమెరికాలో మరో పద్ధతి: 2007 చట్టం ప్రకారం ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థల్లో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ విద్యారుణం మాఫీ. ముందు మాట తీసుకుని డబ్బివ్వడం కాదు, పని చేశాక బరువు దించడం.

మాట మీదా, పని మీదా?

దీనిమీదే వాదన నడుస్తోంది. ఇరవై ఏళ్ల అమ్మాయి వ్యాసంలో రాసిన మాట నమ్మి డబ్బిస్తే, నాలుగేళ్ల తర్వాత ఆమె కార్పొరేట్ ఆఫీసులో చేరితే ఏం చేస్తారని ఒక పక్షం అడుగుతుంది. బాండు రాయించుకోవాలంటారు. బాండు పెడితే పేద అమ్మాయే భయపడి వెనక్కి పోతుంది, ఉన్నవాళ్లు సంతకం పెట్టి తర్వాత డబ్బు కట్టేస్తారని ఇంకో పక్షం. గుర్తింపు స్కాలర్‌షిప్‌లలో ఎక్కువ భాగం బాండు లేకుండా నమ్మకం మీదే నడుస్తాయి.

ఎంపిక తీరు మీదా రెండు మాటలున్నాయి. కథ బాగా చెప్పగలిగిన, ఇంగ్లీషు బాగా వచ్చిన, పెద్ద కాలేజీలో ఇంటర్న్‌షిప్‌లు చేసిన అమ్మాయికే వ్యాసం కలిసొస్తుంది. గుణుపురం లాంటి చిన్న ఊరి అమ్మాయి చేసిన పని పెద్దదైనా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. మార్కులు, ఆదాయం మాత్రమే చూస్తే ఆ ఇబ్బంది ఉండదు గానీ, అప్పుడు ప్రజాసేవ అన్న మాటకు అర్థమే పోతుంది. సిఫార్సు లేఖ, ఇంటర్వ్యూ పెట్టుకుంటే, అదీ సొంత భాషలో మాట్లాడనిస్తే, ఈ తేడా కొంత తగ్గుతుంది.

ప్రజాసేవనే జీతంగా మార్చిన దారి ఒకటి మన జిల్లాలకూ వస్తోంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది. ఆ పని చేసేవాళ్లను ఇన్నాళ్లూ ప్యానెల్ పద్ధతిలో, కేసుకింత అని పెట్టుకునేవాళ్లు. 2022లో జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో క్రిమినల్ కేసుల కోసం జిల్లాల్లో పూర్తికాలం లాయర్లను నెలకింత అని తీసుకుంటున్నారు. చీఫ్‌కు పదేళ్ల అనుభవం కావాలి, డిప్యూటీకి ఏడేళ్లు. అసిస్టెంట్‌కు సున్నా నుంచి మూడేళ్లు. సొంత ప్రాక్టీసు చేయకూడదు. నల్లకోటు వేసుకున్న కొత్తలో, నెలకింత అని చేతికొస్తూ, జైల్లో ఉన్న మనిషికి తెలుగులోనో సవరలోనో బెయిల్ సంగతి చెప్పే పని అది.

నెట్ సెంటర్‌లో ఆ అమ్మాయి గడిలో 'ఒడిశా' అని నొక్కింది. తర్వాతి గడిలో, మీరు చేసిన సేవ గురించి 300 పదాల్లో రాయండి అని వచ్చింది. ఇంటికెళ్లి రాస్తానంది. పెద్దమ్మ కేసు వాయిదా తేదీలన్నీ ఆ క్యాలెండర్ మీదే ఉన్నాయట.